సునామీలో పోయిన చష్మా

సునామీ మా అక్క ఇంటిని ముంచింది. అక్కని ముంచింది మాత్రం నేనే. అదీ ఆదివారం ఆరాధనలో, మైకు పట్టుకుని మరీ. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు.

సునామీ తర్వాత శిబిరంలో ఒక ఆఫీసరు మా కరుణక్కకి ఫారం ఇచ్చి, చదివి సంతకం పెట్టమన్నాడట. అక్క తడుముకోకుండా, చష్మా సముద్రంలో పోయిందని చెప్పేసింది. అసలు అక్కకి కళ్ళజోడన్నదే లేదు. చిన్నప్పుడు అక్షరాలు పీతల్లా పక్కకి పాకిపోతున్నాయనేది, మేము బద్ధకం అనుకునేవాళ్ళం. ఆ రోజు నుంచి ఎవరు ఏ కాయితం చూపించినా అదే జవాబు. పదేళ్ళు దాటినా ఆ చష్మా ఇంకా పోతూనే ఉంది.

మరి మా దీవిలో, డెలానీపూర్ పేటలో, మా తెలుగు సంఘానికి వాక్యం చదివేది ఎవరనుకున్నారు? అక్కే! శనివారం బావ చదివి వినిపిస్తే, గిన్నెలు తోముకుంటూ కంఠతా పట్టేసేది. ఆదివారం బైబిలు తెరిచి, పేజీ తిప్పాల్సినచోట తిప్పుతూ చెప్పేది. పెద్దక్షరాలు కాబట్టి చష్మా అక్కర్లేదని అందర్నీ నమ్మించింది. ఆ గొంతు వినడానికే కొందరు తొందరగా వచ్చేవారు.

కంప్యూటర్ ఉద్యోగంలో పడ్డాక నాకు డిస్లెక్సియా అని, అక్షరాలు సరిగా పట్టుబడని ఇబ్బంది ఒకటుందని తెలిసింది, అక్క పీతలు గుర్తొచ్చాయి. ఆర్నెల్లు కూర్చుని ఫోన్‌లో ఒక యాప్ చేశాను. పేజీని ఫోటో తీస్తే అక్షరాలు పెద్దవై ఎడం ఎడంగా వస్తాయి, నొక్కిన మాట పైకి పలుకుతుంది. అక్క వంటింట్లో కందిపప్పు పొట్లం మీది అక్షరాలు తనంతట తను చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఎవరికీ చెప్పకురా," అంది చివరికి.

నేనెందుకు చెబుతానన్నాను.

ఆ వచ్చే ఆదివారమే చెప్పాను. దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని పాస్టరుగారు అడిగారు. నన్ను నేను పొగుడుకోవాలని నోరు దురద పెడుతోంది. దేవుడికి కృతజ్ఞతల పేరుతో అయితే తప్పులేదనిపించి లేచాను. మా ఇంట్లో ఒకరికి చదవడం రాదన్నాను. జనం ముందుకి వంగారు. ఇంకేముంది, ఒళ్ళు మరిచాను. పాపం ఇన్నేళ్ళూ కంఠతా పట్టి నెట్టుకొచ్చారన్నాను. చష్మా సునామీలో పోయిందని చెప్పుకొచ్చారన్నాను. పేరు మాత్రం చచ్చినా చెప్పలేదండోయ్, నా నిజాయితీ అలాంటిది. సంఘమంతా ఒక్కసారిగా అక్క వైపు తిరిగింది.

తర్వాత వాక్యం చదవాల్సింది అక్క. ఒళ్ళో తెరిచి ఉన్న బైబిలు మూసేసింది. పాస్టరుగారు రెండుసార్లు పిలిచి, ఆఖరికి తనే చదివారు.

ఇంటికెళ్ళి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. యాప్ ఉంది కదా, ఇక నిజంగానే చదవొచ్చు కదా అని కూడా అన్నాను, సిగ్గులేకుండా.

"చదువుతాన్రా. ఇన్నాళ్ళూ నేను చెప్పేది విన్నారు. ఇప్పుడు ఎక్కడ తప్పుతానోనని చూస్తారు," అంది అక్క.

మళ్ళీ ఎప్పుడూ ముందుకి రాలేదు. నా పొగడ్త కోసం ఆ గొంతు పోగొట్టాను.

పై వారం చాతం జెట్టీ దగ్గర మా సంఘపెద్ద యేసుపాదంగారు నన్ను పక్కకి లాక్కెళ్ళారు. అటూ ఇటూ చూసి, "బాబూ, ఆ యాప్ నా ఫోన్‌లో కూడా చుప్‌చాప్‌గా ఎక్కించెయ్. నా చష్మా కూడా సునామీలోనే పోయింది," అన్నారు.

చష్మా ఆయన ముక్కు మీదే ఉంది.

చుప్‌చాప్‌గా ఎక్కించాను. అక్కడే నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. సాక్ష్యానికి ఈ జన్మలో లేవను. చష్మా సునామీలో పోయిందని ఎవరన్నా, అది ముక్కు మీద కనిపిస్తున్నా సరే, "అయ్యో పాపం" అంటాను. అంతకుమించి నోరు తెరవను.