పక్కవాళ్ళ డిష్షులు చూసి తిప్పాను

పొద్దున్నించీ ఉక్కపోత. డ్యూటీ లేదు. పొలం గట్టు తగాదాతో రెండేళ్ళు మాటల్లేని మా ఆవిడ అన్న సబ్బవరం నుంచి కూర్మన్నపాలెం మా ఇంటికి వచ్చాడు. కలిసి క్రికెట్ చూద్దామని నేనే డాబా ఎక్కి డిష్ బిగించాను. చుట్టుపక్కల డిష్షులు ఎటుంటే అటే తిప్పాను. టీవీ దగ్గర నుంచి "సిగ్నల్ లేదు" అని రెండు గంటలు అరిచి, బావ పైకొచ్చి పక్కవాళ్ళ డిష్షులు చూపించాడు.

"అవి గాలివానకి తిరిగిపోయినవి బావా. ఎవులూ సూడ్డం లేదు. సముద్రం ఏపు తిప్పమని ముందే సెప్పాను కదేటి?"

"నాకు తెల్దేటి? నువ్ కిందకెళ్ళు."

"గట్టు కాడా ఇదే మాటన్నావ్."

మీరైతే ఏమనేవారో చెప్పండి.

ఐదింటికి సముద్రం వైపు తిప్పితే బొమ్మ వచ్చింది. బావ నాలుగున్నర బస్సుకే వెళ్ళిపోయాడు.