ఏలియా పంతులు మాటల్లో నేను రాయని సగం

పోయిన నెల మా చర్చి గోడలకు కొత్తగా సున్నం వేశారు. ఆదివారం నాటికి ఇంకా ఆరలేదు. లోపలికి అడుగు పెట్టబోతుంటే తడి సున్నం వాసన గుప్పున తగిలి గుమ్మంలోనే నిలబడిపోయాను. వెనుక వస్తున్న నా భార్య "ఏమైంది?" అంది. "ఏం లేదు" అన్నాను. ఆ మాట నాకు బాగా అలవాటు. పదిహేడేళ్ళ కిందట, ఇలాగే సున్నం వాసన కొట్టే గదిలో, ఐదుగురు పెద్దలు నన్నొక ప్రశ్న అడిగారు. జవాబు నాకు తెలుసు. అప్పుడు కూడా "ఏం లేదు" అనే చెప్పాను. చాలా ఏళ్ళ తర్వాత, ఎవరూ అడగకుండానే నిజం చెప్పే అవకాశం మరొకటి వచ్చింది. దాన్నీ జారవిడిచాను. చెన్నూరు, లక్సెట్టిపేట వైపు మా సంఘాల్లో ఏలియా పంతులు పేరెత్తితే ఇప్పటికీ "లేఖనాలు అబద్ధమన్న ఆయన" అంటారు. ఆ మాట నా చేతి రాతలో పుట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

పల్లె సంఘాలకు ఉపదేశకులను తయారుచేయడానికి మిషన్ వారు నడిపిన బడి ఒకటి లక్సెట్టిపేటకు రెండు కోసుల దూరంలో ఉండేది. పోలీసు చర్య జరిగిన రెండేళ్ళకు నేను అందులో చేరాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పెళ్ళయి, ఒక కూతురు పుట్టింది. ఏలియా పంతులు మాకు లేఖనాలు చెప్పేవారు. పొట్టి మనిషి. ఎండకాలంలో కూడా నల్లకోటు విడిచేవారు కాదు. కోటు జేబులో ఎప్పుడూ వేయించిన శనగలుండేవి. మంచి ప్రశ్న అడిగినవాడి చేతిలో నాలుగు గింజలు పోసేవారు. జవాబు చెప్పినవాడికి ఏమీ ఇచ్చేవారు కాదు. "జవాబుకు పెద్దయ్యగారు మార్కులేస్తరు తియ్యి" అనేవారు. పెద్దయ్యగారంటే బడికి అధికారి.

బైబిల్లో ఏసు శిష్యుల కథ చెప్పే అపొస్తలుల కార్యాలు మొదలుపెట్టిన రోజు ఆయన పుస్తకం తెరవలేదు. నేరుగా నా వైపు తిరిగారు.

"సామేలూ, మీ బాపు సచ్చిపోయేటప్పుడు ఆఖరికి ఏమన్నడు?"

"'అవ్వను మంచిగ చూస్కో కొడుకా' అన్నడు పంతులూ."

"అప్పుడు ఇంకెవలున్నరు?"

"అవ్వ, అక్క."

"పొయ్యి వాళ్ళనడుగు. వచ్చే వారం చెప్పు."

ఊరికి వెళ్ళి అడిగాను. అక్క నా మీద గయ్యిమని లేచింది. "అవ్వ ముచ్చటెక్కడిదిరా? బర్రెను అమ్మకున్రి అన్నడు. నువ్వు అప్పటికే బయటికి పొయ్యి ఏడుస్తున్నవ్." అవ్వనడిగితే, "నన్ను సూసిండు. ఏమనలే" అంది. వచ్చి తరగతిలో చెప్పేసరికి అందరూ పగలబడి నవ్వారు. పంతులు నవ్వలేదు. "ముగ్గురిట్ల అబద్ధమాడిందెవలు?" అని అడిగారు. ఆయనే చెప్పారు. "ఎవలాడలే. నేను పోతే ఈ ఇల్లు ఏమైతదో అని ఆయనకు ఫికరుండె. ముగ్గురి మాటల్ల గదే ఉన్నది. మాటలు తలా ఒక తీరుగ వచ్చినయ్, అంతే." బాపు చివరి మాట అని ఏళ్ళ తరబడి గుండెల్లో దాచుకున్నది బహుశా బాపు అననే లేదని నాకు ఆ తరగతిలోనే తెలిసింది. ఆ రోజు అన్నం తినలేకపోయాను.

తర్వాతి వారం మమ్మల్ని లక్సెట్టిపేట తహసీలు కచేరీకి నడిపించుకుని వెళ్ళారు. కచేరీలో ఇంకా ఉర్దూయే నడుస్తోంది. వరండాలో చిన్న బల్ల వేసుకుని ఒక మున్షీ రైతులకు అర్జీలు రాసేవాడు. మేము వెళ్ళేసరికి మల్లయ్య అనే రైతు ఆయన ముందు గొంతుకూర్చుని అరుస్తున్నాడు. "పటేలు మా పొలం గట్టు జరిపిండు సాబ్. అడిగితే ఎడ్లను కట్టేసిండు. నా నోట్ల మన్ను కొట్టిండు." మున్షీ తల ఎత్తకుండా ఉర్దూలో గబగబా రాసి, పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. తమ పాదాల నీడలో బతికే ఈ దీనుడు సవినయంగా మనవి చేసుకునేదేమంటే, అని మొదలైంది అది. మల్లయ్య నోరెళ్ళబెట్టాడు.

"గిదంత నేనే అన్ననా సాబ్?"

"నువ్వు మొత్తుకున్నవ్, నేను రాసిన. నీ బాధల ఒక్కటన్న పోయిందా చెప్పు."

"ఎడ్ల ముచ్చటేది?"

"ఉంది. ఇగో, ఈడ."

"గట్టు?"

"గట్టు గూడ ఉన్నదిర బాబూ. ఏలు పెట్టు."

మల్లయ్య తృప్తిగా వేలిముద్ర వేశాడు. తర్వాత కూర్చున్న ముసలమ్మ అర్జీ కూడా అదే దీనుడితో, అవే పాదాల నీడతో మొదలైంది. మాలో ఒకడు "పంతులూ, లక్సెట్టిపేటల అందరు ఒక్క తీరుగనే మాట్లాడుతరు" అన్నాడు. మంచి ప్రశ్న విన్నట్టు పంతులు వాడి చేతిలో శనగలు పోశారు.

మర్నాడు తరగతిలో పుస్తకం తెరిచారు. ఆయన అడిగిన ప్రశ్నలు నేను ఇవాళ్టికీ మరవలేదు. చేపలు పట్టే పేతురు, పెద్ద చదువు చదివిన పౌలు ఒకే మనిషి లాగా ఎందుకు మాట్లాడుతారు? రాళ్ళు చేతబట్టుకోబోయే కోపంలో ఉన్నవాళ్ళు తాము చంపబోయే స్తెఫను అంత పొడుగు ప్రసంగం ముగిసేదాకా ఊరుకున్నారా? అక్కడ కూర్చుని మాటమాట రాసుకున్నదెవరు? వెనుక వరుసలో ఒకడు చెవులు మూసుకున్నాడు.

పంతులు నెమ్మదిగా అన్నారు. "ఆ మాటలు రాసినాయనయి. వాళ్ళు మాట్లాడింది ఒక భాష, ఆయన రాసింది గ్రీకు. మల్లయ్యకు ఉర్దూల ఒక్క ముక్క రాదు, గని అర్జీల ఎంత మంచి ఉర్దూ మాట్లాడిండు! అయితే అర్జీ అబద్ధమా? మాటలు మున్షీయి. బాధ మల్లయ్యది. ఎడ్లు నిజం, గట్టు నిజం. పేతురు ఏం సాక్ష్యం చెప్పిండో అది పేతురుదే. మున్షీ గూడ తప్పు రాయొచ్చు, అందుకే ఇంకో సాక్షిని అడగాలె. పౌలుకు వెలుగు కనవడ్డ ముచ్చట ఈ పుస్తకంల మూడుసార్లున్నది. మూడు ఒక్క తీరుగ లేవు. కల్లలు రాసేటోడైతే మూడింటిని ఒక్క తీరుగ దిద్దుకుంటుండె. ఈయన దిద్దలే. అందుకే నేను నమ్ముత. పూర్తిగ ఎర్కనా అంటే, నాకెర్కలే. ఎర్కలేదని చెప్పనీకి నాకు సిగ్గులేదు."

మా బడిలో ఒక పద్ధతి ఉండేది. వారంలో విన్న పాఠాన్ని ప్రతి విద్యార్థీ ఒక పేజీకి కుదించి, పాఠాల పుస్తకంలో రాసి, శనివారం పెద్దయ్యగారికి ఇవ్వాలి. లేఖనాల భాషలోనే రాయాలని ఎవరూ చెప్పలేదు గాని అందరం అలాగే రాసేవాళ్ళం. 'చెప్పెను', 'పలికెను' అని రాస్తే తప్ప అది దేవుని పుస్తకంలా కనిపించేది కాదు. కచేరీ వరండా, మున్షీ, ఎడ్లు, పొలం గట్టు అలాంటి పేజీలోకి రావడం నాకు అపచారంగా తోచింది. ఒకటొకటిగా తీసేశాను. చివరికి మిగిలింది ఇది: 'పేతురు పౌలులు పలికినట్లు వ్రాయబడిన ప్రసంగములు వారి నోటి మాటలు కావనియు, అవి వ్రాసినవాని మాటలే అనియు మా ఉపదేశకుడు బోధించెను.' రాసి, చదువుకుని, బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

పది రోజులకు విచారణ పెట్టారు. అంతకుముందు రోజే ఆ గదికి సున్నం వేయించారు. ఐదుగురు పెద్దలు బల్ల వెనుక కూర్చున్నారు. మేము పదకొండు మంది విద్యార్థులం చాప మీద. పంతులు గోడ పక్కన నిలబడ్డారు. నల్లకోటు భుజానికి తెల్లగా అంటింది. పెద్దయ్యగారు నా పుస్తకం తెరిచి నా వాక్యాన్ని పైకి చదివారు. నా పేజీలో అంత బాగా కనిపించిన మాట ఆ గదిలో ఒక మనిషి మీద మోపిన నేరంలా వినిపించింది.

"ఈ మాట నువ్వు అన్నావా, ఏలియా?"

"సగం నాదే అయ్యగారూ. ఇంకో సగం ఇందుల లేదు."

"ఆ సగం ఏమిటో చెప్పు."

"నేను చెప్తే నన్ను కాపాడుకునేటందుకు చెప్పినట్టుంటది. రాసినోన్ని అడగున్రి."

పెద్దయ్యగారు నా వైపు తిరిగారు. "సామ్యేలూ, ఆయన ఇంకేమైనా అన్నాడా?"

ఆ వారమే మిషన్ బడులకు పంతుళ్ళను నియమించే జాబితా తయారవుతోంది. అందులో నా పేరుందని నాకు తెలుసు. నా భార్య మళ్ళీ నిండు నెలల్లో ఉంది. ఇంకా ఉందని ఒప్పుకుంటే, ఉన్నదున్నట్టు రాయలేనివాడు పిల్లలకేం చెబుతాడని నా పేరు కొట్టేస్తారనిపించింది. పంతులు నన్నే చూస్తున్నారు. నేను చెబుతానన్న నమ్మకంతో చూస్తున్నారు.

"ఏం లేదు అయ్యగారూ" అన్నాను.

ఆయన ముఖంలో కోపం రాలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మిగతా పదిమందీ తలలు వంచుకున్నారు.

నెల తిరగకుండా ఆయన్ను పనిలోంచి తీసేశారు. మిషన్ ఇల్లు ఖాళీ చేసి, భార్య శాంతమ్మగారితో, పిల్లలతో ఎడ్లబండి మీద ఉట్నూరు వైపు వెళ్ళిపోయారు. నాకు బడి వచ్చింది. మొదటి నెలలోనే ఒక సంఘపెద్ద నాతో అన్నాడు: "ఏలియా పంతులు ఏసు ప్రభువు నోరే తెరవలేదన్నడట గదా!" నా వాక్యం ఊరూరా తిరిగి అంత పెద్దదైంది. నేను దాన్నీ దిద్దలేదు.

పోయిన ఏడు బడి పని మీద జీపులో ఉట్నూరు వెళ్ళాల్సి వచ్చింది. ఆయన అక్కడే ఉన్నారని, గోండు పిల్లలకు చదువు చెప్పి ఈమధ్యే పని మానుకున్నారని తెలిసింది. తిట్టించుకోవడానికి సిద్ధపడే వెళ్ళాను. ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయి. పేరు చెప్పగానే రెండు చేతులూ చాచి నా ముఖం తడిమారు. పక్కింటాయన్ను కేకేసి పిలిచారు.

"చూడున్రి, నేను చెప్తుంట గదా, గీయననే! అందరు తలకాయలు వంచుకొని కూసుంటే ఒక్కడు లేచిండు. 'పంతులు గట్ల అనలే, ఇంకా అన్నడు' అని మొత్తుకున్నడు. వాళ్ళు కూసోవెట్టిన్రు. కుర్చీ కింద వడ్డ చప్పుడు ఇప్పటికి నా చెవులల్ల ఉన్నది."

ఎగతాళి చేస్తున్నారేమోనని ఆయన ముఖం చూశాను. లేదు. శాంతమ్మగారు పళ్ళెంలో జొన్నరొట్టె పెడుతూ, "నీ పేరు చెప్పి పిల్లలకు ధైర్యం నేర్పిన బిడ్డా" అంది. తిన్నాను. ఆయన నన్ను మంచివాణ్ణి చేసుకుని పదహారేళ్ళు బతికారు. ఆ ఒక్క ఊరటను లాగేసుకోవడం పాపం కాదా అని నాకు నేనే చెప్పుకుని, జీపెక్కి వచ్చేశాను. అది దయ కాదు. పిరికితనం మళ్ళీ నాకు దయలా కనిపించింది. ఇంకో సాక్షిని అడగాలని చెప్పిన మనిషికి మిగిలిన సాక్షిని నేనే.

గుమ్మంలో ఆగిపోయిన ఆ ఆదివారం మరునాడే ఉట్నూరు బస్సెక్కాను. పంతులు ఎండలో మంచం మీద కూర్చున్నారు. శాంతమ్మగారు పక్కన చేటలో కందులు చెరుగుతోంది. నేను నేల మీద కూర్చున్నాను.

"పంతులూ, ఆ దినం నేను లేవలే."

"లేచినవ్ బిడ్డా. నాకు మంచిగ యాదికున్నది. కుర్చీ చప్పుడు..."

"కుర్చీలు లేకుండె పంతులూ. మేం చాప మీద కూసున్నం."

చేట చప్పుడు ఆగిపోయింది. ఆయన చూపులేని కళ్ళు నా వైపు తిరిగాయి. ఆ గదిని మళ్ళీ మొదటినుంచి చూసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"చాపనే," అన్నారు చివరికి. "అయితే ఒక్కడు గూడ లేవలేదన్నట్టు."

"లేవలే."

శాంతమ్మగారు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. బతికినంతకాలం అది నాతోనే ఉంటుంది. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

"మీరన్నది మొత్తం నాకు ఆ దినం యాదికుండె పంతులూ. వాళ్ళు అడిగిన్రు. భయంతోని, తెలిసి తెలిసి దాచిన. మీ పని, మీ ఇల్లు, మీ పేరు నా వల్లనే పోయినయ్. పోయిన ఏడు మీ ఇంట్ల రొట్టె తిని గూడ చెప్పలే. తప్పు చేసిన. నన్ను మన్నించున్రి" అన్నాను.