నలభై ఐదు నిమిషాల విమానం

ఆ రోజుల్లో 'తెలియదు' అనే మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. తొర్రూరు బస్టాండు ఎదురుగా బస్సు, రైలు, విమానం టికెట్లు తీసే దుకాణంలో పనికి కుదిరి మూడు నెలలైంది. విమానాన్ని దగ్గరగా చూసింది లేదు (మా మిద్దె మీదుగా పోయేవాటిని లెక్కలోకి తీసుకోకండి), అయినా ఏ మూల నుంచి ఏ మూలకైనా దారి చెప్పగలనని గట్టి నమ్మకం. చేతిలో కంప్యూటరు ఉందిగా మరి!

సరిగ్గా అప్పుడే కేసముద్రంలో మా ఇంట్లో అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెట్టాలి. సైన్యంలో పనిచేసే బావ ఎక్కడో ఈశాన్య కొండల్లో ఉన్నాడు. "ఆయన వచ్చి పిల్లను తొట్టెల్ల ఎయ్యాలె. గంతే," అంది అక్క. ఆమె అడిగింది అదొక్కటే. బావకు సెలవు దొరికింది గానీ రైల్లో వస్తే ఆ రోజుకు అందుకోలేడు. ఇక మనమే దిక్కు!

బావ క్యాంపు దగ్గరి చిన్న విమానాశ్రయం పేరు, హైదరాబాదు విమానం దొరికే ఇంకో విమానాశ్రయం పేరు కంప్యూటర్లో కొట్టాను. రెండూ కొండల్లోవే, రెండూ నా నోరు తిరగనివే. దూరం రెండు వందల పది కిలోమీటర్లు, ప్రయాణం నలభై ఐదు నిమిషాలు అని టక్కున వచ్చింది. ఏ విమానం, ఎన్ని గంటలకు అన్నది అందులో లేదు. నేను వెతకనూ లేదు. రైలు పట్టాల పక్కన పెరిగినవాణ్ని కదా! కేసముద్రంలో స్టేషనుంది, డోర్నకల్‌లో స్టేషనుంది, మధ్యలో రైలు నడుస్తుంది. మరి అక్కడా ఇక్కడా విమానాశ్రయం ఉన్నాక మధ్యలో విమానం నడవదా? "పొద్దుగాల పోయి ఎక్కు బావా, టికెట్ ఆడనే ఇస్తరు, ముప్పావు గంటల దిగుతవు," అని ఫోన్లో చెప్పి, అవతలి విమానాశ్రయం నుంచి హైదరాబాదుకు టికెట్ తీసేశాను.

"పక్కానా బామ్మర్ది?" అన్నాడు బావ.

"నేనున్న గద, పరేషాన్ కాకు!"

తొట్టెల ముందు రోజు పొద్దున్నే బావ ఫోను. "ఈడ గేటుకు తాళమున్నది. కావలాయన నన్ను చూసి నవ్వుతున్నడు. ఇమానం వారానికి రెండు రోజులే వస్తదట, వచ్చినా అటు దిక్కు పోనే పోదట." కంప్యూటరు చెప్పిన లెక్క నేరుగా ఎగిరితే పట్టే కాలమే తప్ప, ఎగిరేది ఏదైనా ఉందో లేదో దానికి పట్టదని అప్పుడు తెలిసింది. రోడ్డు మీదైతే పద్నాలుగు గంటలట! నేను తీసిన హైదరాబాదు విమానం ఎలాగూ అందదు; బావ కూరగాయల బండి ఒకటి పట్టుకుని బయలుదేరాడు.

మర్నాడు చుట్టాలొచ్చారు, ముహూర్తం వచ్చింది, పోయింది. బాపు నావైపు చూడడం మానేశాడు. "ఇగ ఎయ్యి బిడ్డా, ఇంకెంతసేపు?" అని మేనత్త తొందరపెడితే, అక్క పిల్లను గుండెకు హత్తుకుని, "నేను ఎయ్య. ఆయన వచ్చినంకనే," అని లోపలికి పోయి ఏడ్చింది. చుట్టాలు భోంచేసి వెళ్లిపోయారు. ఖాళీ తొట్టెలను చూస్తే నాకు సిగ్గుతో అన్నం సహించలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం, ఇంకో విమానం పట్టుకుని, గడ్డం మాసి, దుమ్ము కొట్టుకుని బావ వచ్చాడు. తిట్లకు సిద్ధపడి ఎదురెళ్లాను. ఆయన నన్ను దాటుకుని వెళ్లి పిల్లను ఎత్తుకున్నాడు. "తొవ్వ పొడుగునా నిన్ను తిట్టెటందుకు మాటలు ఏరుకున్న బామ్మర్ది," అన్నాడు పిల్లను చూస్తూనే, "ఇప్పుడు ఒక్కటి యాదికొస్తలేదు." అక్క ఏడుస్తూనే నవ్వింది. చుట్టాల్లేరు, ముహూర్తమూ లేదు, పిల్ల మాత్రం తండ్రి చేతుల మీదుగా తొట్టెలలోకి చేరింది.

ఇప్పుడు ఆ దుకాణం నాదే. ఎవరైనా దారి అడిగితే నాలుగుసార్లు చూసి, రెండు ఫోన్లు చేసి, "అయినా మీరు సుత ఒకసారి అర్సుకోండ్రి," అని వాళ్లనూ కనుక్కోమంటాను. అలా అన్నప్పుడల్లా కుర్చీ కదలకుండా బావను కొండలు దాటించబోయిన ఆ పిలగాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడి మాట నమ్మి ఎవరూ ఎక్కడికీ బయలుదేరకూడదు, నిజమే. కానీ వాడి ధీమాలో పిసరంత నాకు మిగిలి ఉంటే ఎంత బాగుండేదో!