బావల లినక్స్ తగువు

పాతపట్నం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను ఫిజిక్స్ చెబుతాను. కంప్యూటర్ గది తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. ఇంకెవరూ తీసుకోలేదు కాబట్టి నాకొచ్చాయి. గదిలో పన్నెండు పాత కంప్యూటర్లు. వాటిలో ఉన్న సిస్టమ్‌కు కాలం చెల్లింది. కొత్తదాన్ని ఆ మెషిన్లు మోయలేవు. బాగుచేసే మనిషిని పిలిస్తే, "తుక్కు కింద ఇచ్చీండి మేడమ్" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు మా తమ్ముడు వచ్చాడు. విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. "తుక్కేటక్కా? లినక్స్ ఎక్కించీద్దాం, అదే పన్జేస్తాది" అన్నాడు.

లినక్స్ ఉచితమనీ, ఎవరైనా తీసుకుని తమకు కావలసినట్టు మార్చుకోవచ్చుననీ నాకు తెలుసు. అలా మార్చినవాళ్లు ఎక్కువైపోయి రకరకాల లినక్సులు తయారయ్యాయనీ, ఒక్కో రకానికీ ప్రాణం పెట్టే అభిమానులుంటారనీ అప్పటికి తెలియదు.

తమ్ముడు తనకిష్టమైన రకం ఎక్కించాడు. మెనూలన్నీ తెలుగులో ఉన్నాయి. తెరుచుకోవడానికి కాస్త ఆలస్యమయ్యేది కానీ, మాకు అంత తొందరేముంది? ఎనిమిదో తరగతి పిల్లల చేత వాళ్ల ఇళ్లలో ముసలివాళ్లు వాడే మాటలు టైపు చేయించాను. విత్తనాల పేర్లు, వంటల పేర్లు, నాట్ల పాటలు. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు ఆ మాటల్నే తెలుగు అక్షరాల్లో రాశారు. మూడు నెలలు సాగిందా పని. ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మను పొలం గట్టు మీద కూర్చోబెట్టి అడిగి అడిగి, పదహారు పేజీల పాటలు ఎక్కించింది.

ఆ తర్వాత మా మరిది వచ్చాడు. గరివిడిలో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం అతనిది. మా తమ్ముడూ అతనూ 'బావా' అంటే 'బావా' అనుకుంటారు. పెళ్లిళ్లలో ఒకే విస్తరి ముందు కూర్చునేంత స్నేహం. లినక్స్ దగ్గర మాత్రం పగవాళ్లు.

"ఇదేటి వదినా, ఇంత బరువైంది ఎక్కించినాడు బావ? తెరుసుకునేసరికి టీ తాగీసి రావొచ్చు" అన్నాడు. ఫోన్‌లోనే ఇద్దరూ గంటసేపు అరుచుకున్నారు. ఆదివారం ఒకసారి చూసి వస్తానంటే మరిదికి తాళాలిచ్చాను.

సోమవారం గది తెరిచేసరికి పన్నెండు తెరల మీదా వేరే బొమ్మ. మెనూలన్నీ ఇంగ్లీషు. పిల్లల ఫోల్డర్ లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"పిల్లలు రాసినవి ఏవీ?"

"ఏటి రాసినవి? డిస్కు మొత్తం తుడిసీసి ఎక్కించినాను వదినా. అలాగైతేనే శుభ్రంగా ఉంటాది."

"ఎక్కడైనా దాచావా?"

"దాసుకునే సరుకేటున్నాది అందులో? పిల్లల టైపింగే గదా."

ఒక కాపీ తీసి పెట్టుకోకపోవడం నా తప్పే, కాదనను. కానీ 'పిల్లల టైపింగే గదా' అన్న ఆ మాటకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రానికి సంగతి తెలిసి తమ్ముడు ఫోన్ చేశాడు. ఓదారుస్తాడనుకున్నాను. "నేను ముందే సెప్పినాను గదక్కా, బావది సేతకాని పని. నేనొచ్చి మళ్లీ నాది ఎక్కించీస్తాను" అన్నాడు. పోయిన పాటల ఊసే ఎత్తలేదు.

"ఒరే, నువ్వొద్దు, మీ బావా వద్దు. మీ ఇద్దర్లో ఎవడూ నా బడి గుమ్మం తొక్కడానికి వీల్లేదు" అని ఫోన్ పెట్టేశాను.

నేనే నేర్చుకున్నాను. రెండు వారాలు పట్టింది. ఆరు మెషిన్ల మీద తమ్ముడి రకం ఎక్కించాను. మిగిలిన ఆరింటి మీద మరిది రకం ఉంచాను. పిల్లల్ని రెండిటి ముందూ కూర్చోబెట్టాను. "అది తెలుగులో ఉన్నాది మేడమ్, బాగున్నాది. ఇదేమో తొరగా వస్తాది" అన్నారు. మరిదికి ఫోన్ చేసి, నీదాంట్లో తెలుగు మెనూలు రావా అని అడిగాను.

"ఎందుకు రావు? పెట్టుకుంటే వస్తాయి. మీరు అడగలేదు గదా."

తమ్ముడికి ఫోన్ చేసి, నీదాన్ని తేలిక చేయలేమా అని అడిగాను. "సెయ్యొచ్చక్కా. కానీ సూడ్డానికి అందంగా ఉండదు."

ఇంతేనా! ఇన్నాళ్లూ వీళ్లు కొట్టుకుంది దీనికా? ఆ గదిలో కూర్చునేది ఎవరో, వాళ్లకు ఏం కావాలో ఇద్దరిలో ఒక్కరికీ అడగాలని తోచలేదు. నన్నూ అడగలేదు. నాకు తెలియదని ముందే అనుకున్నారు.

రెండిటినీ తెలుగులో, తేలిగ్గా ఉండేలా మార్చి ఇంకో వారం వాడించి, చేతులెత్తించాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ముందుగా లేచేది మరిది రకమే కాబట్టి ఎక్కువ చేతులు దానికే లేచాయి. నాకు మింగుడుపడలేదు. అయినా పిల్లల మాటే ఖాయం చేశాను.

"సూసినావా బావా, నాదే గెల్సినాది" అని మరిది చెప్పుకుంటున్నాడని తెలిసి, బడికి రమ్మని కబురు పెట్టాను. వచ్చాడు. పిల్లల ముందు నిలబడి, "తప్పయిపోయినాది" అన్నాడు. పాటలు రాసిన అమ్మాయి లేచింది.

"మా నాయనమ్మ మళ్లీ సెప్పనంతాది సార్. ఒకపాలి సెప్పీసినాను గదా అంతాది. మీరొచ్చి అడగండి."

మరిది వెళ్లాడు. ఆ ముసలావిడ మొదట బాగా చీవాట్లు పెట్టిందట. మధ్యాహ్నమంతా చాప మీద కూర్చుని రాసుకుంటే ఏడు పేజీలయ్యాయి. మిగతావి ఆవిడకు గుర్తు రాలేదు.

మొన్న పక్క ఊరి టీచరమ్మ ఒకావిడ ఫోన్ చేసి, తమ బడికి ఏ లినక్స్ మంచిదని మా తమ్ముణ్ని అడిగి చెప్పమంది. నేను వాణ్ని అడగలేదు. రెండు రకాలూ ఎక్కించి ఉంచుతాననీ, మీ పిల్లల్ని ఒక శనివారం మా గదికి తీసుకురమ్మనీ చెప్పాను.