కాజీపేట బండికి ముందు ఏడున్నర గంటల నిద్ర

మా అమ్మాయి శ్రావణి కాజీపేటలో మా అక్క దగ్గర ఉండి చదువుకుంటోంది. రెండు నెలల క్రితం తన ఖో-ఖో ఆట చూద్దామని కర్నూలు నుంచి రాత్రి బస్సులో వచ్చి, ఆ కళ్ళమంటతోనే సికింద్రాబాద్‌లో రైలెక్కి, కాజీపేట దాటిపోయి వరంగల్‌లో లేచాను. చేరేసరికి ఆట అయిపోయింది. ఈసారి పోటీ హనుమకొండలో, పొద్దున పదింటికి. మళ్ళీ తప్పితే ఆ పిల్లకు ముఖం చూపించలేను. అందుకే ముందు రోజు పగటి బస్సుకే బయలుదేరి, సాయంత్రానికి సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఒక లాడ్జికి చేరాను. గది ఏడు వందలు, స్టేషన్‌కు పది నిమిషాల నడక.

బండి ఐదూ నలభైకి. ఏడున్నరకే పడుకుంటాను, మూడింటికి లేపండని మేనేజర్ యాదగిరి గారికి చెప్పాను. అంత తొందరగా పడుకుంటే నిద్ర పట్టదని ఆయన ఒప్పుకోలేదు. ఒకప్పుడు ఇళ్ళకు వెళ్ళి రైలు డ్రైవర్లను డ్యూటీకి లేపడమే ఆయన ఉద్యోగమట. నిద్ర సుమారు గంటన్నరకో విడతగా నడుస్తుందని, విడత చివర లేస్తే తల తేలిగ్గా ఉంటుందని, అయితే ఈ లెక్క మనిషి మనిషికీ కాస్త మారుతుందని అన్నారు. ఈ బండికి నాలుగున్నరకు లేస్తే చాలు; ఐదు విడతలకు ఏడున్నర గంటలు, అంటే తొమ్మిదికి నిద్ర పట్టాలి.

"పండుకునే టైం కాదు సార్, నిద్ర పట్టే టైం లెక్క. నడుమల లేపితే డ్రైవర్లు సుత 'వస్తున్న' అని మళ్ల పండుతుండె."

టీ మానేసి, షట్టర్లు దించుతున్న బజారులో కాసేపు తిరిగొచ్చి, ఎనిమిదీ ముప్పావుకు పక్క మీద వాలాను.

నాలుగున్నరకు తలుపు చప్పుడైంది. "వస్తున్నా" అన్నాను. ఆయన కదల్లేదు.

"ఏ బండి సార్?"

బండి పేరు, టైము చెప్పాక గానీ మెట్లు దిగలేదు. చాలా రోజుల తర్వాత తల బరువు లేకుండా లేచాను. జనరల్ టికెట్ వంద లోపే. భువనగిరి, ఆలేరు, జనగామ, అన్నీ కళ్ళారా చూస్తూ ఎనిమిది దాటాక కాజీపేటలో దిగి, గర్వంగా శ్రావణికి ఫోన్ చేసి వచ్చేశానన్నాను.

"ఏ స్టేషన్ల నాన్నా?"

"కాజీపేట."

"నువ్వు వరంగల్‌లనే లేస్తవ్ గదా అని మామయ్యను ఆడికి పంపిన."

నవ్వొచ్చింది. పదకొండేళ్ళ పిల్ల నామీద అలగలేదు, నా నిద్రకు తగ్గ ఏర్పాటు చేసుకుంది. ఆ రోజు మొదటి వరుసలో కూర్చుని, రెప్ప వాల్చకుండా చూశాను. తను పరిగెత్తే ముందు ప్రతిసారీ నావైపు తిరిగి చూసింది, మేలుకునే ఉన్నానా అని.

ఇలా వేకువ బండికి వెళ్ళేవాళ్ళు లేవాల్సిన టైము నుంచి ఏడున్నర గంటలు వెనక్కి లెక్కపెట్టి, దానికి పావుగంట ముందే పడుకోండి. లేపేవాళ్ళకు మాత్రం ముందే చెప్పి ఉంచండి, "వస్తున్నా" అంటే నమ్మొద్దని.