విత్తనం ఒలిచే చేతులు

చిత్తూరు పక్కన మా ఊళ్లో ఒకప్పుడు మెట్ట చేలన్నీ వేరుశనగే. తర్వాత ఒక్కొక్కరే మామిడి పెట్టారు. చివరికి తోటల నడుమ మా చేను ఒక్కటే మిగిలింది. ఆ ఏడు దాన్నీ తోట చేసేద్దామని మా ఆయన నర్సరీలో మామిడి మొక్కలకు చెప్పి వచ్చాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచి, తొలి కాయలు స్వామికి పెట్టకుండా ఆ చేని పంట నోట వేసుకోలేదు నేను. మనసు ఒప్పుకోలేదు.

ఆ వారమే తిరుపతిలో వ్యవసాయం చదువుతున్న ఒక అమ్మాయి వచ్చింది. వానల లెక్కలూ, రైతుల నిర్ణయాలూ కంప్యూటరుకు అందిస్తే, రాబోయే ఏళ్లలో ఏ నేలలో ఏ పంట ఉంటుందో అది అంచనా వేస్తుందట. దాని పటంలో మా చేను ఇక ముందూ వేరుశనగే. మరి మీరెందుకు మానుకుంటున్నారని అడిగింది. వానల్లేవని మా ఆయన అన్నాడు. అందరూ చెప్పే మాటే. ఆమె ప్రశ్నల కాగితం తీసుకుని, నాయన ఇంట్లో దిద్దించిన అక్షరాలతో మెల్లగా చదువుకున్నాను. వాన, బోరు నీళ్లు, ధర అన్నీ ఉన్నాయి. మా కారణం లేదు.

"వాన కాదు పాపా," అన్నాను. "విత్తనం ఒలిచేదానికి చేతుల్లేవు."

యంత్రంలో వేస్తే పప్పు బద్దలవుతుంది, మొలవదు. అందుకే విత్తే ముందు ఆరిళ్ల ఆడవాళ్లం రోజుకొక ఇంట కూర్చుని చేత్తో ఒలిచేవాళ్లం. తోటలు పెట్టినవాళ్లకు ఇక ఆ పని లేదు. బదులు తీర్చలేనప్పుడు ఏ మొహంతో పిలవడమని నేనే మానేశాను. రెండేళ్లు ఒంటిగా ఒలిచి వేళ్లు పుండ్లు పడ్డాయి. అవి చూసే తోట అన్న మా ఆయన, నేనెందుకు పిలవలేదో అప్పుడే విన్నాడు. వాళ్లను అడిగి చూశారా అంది ఆ అమ్మాయి.

మర్నాడు పక్కింటి అక్క దగ్గరికి వెళ్లి అడిగాను. ఆమె నవ్వింది.

"ఏం మే, మామిడి పెడితే మా చేతులు యాడికి పోయినాయి? పిలిస్తే గదా వచ్చేది. మా కాయ కోతకు నువ్వు రా, సరిపాయ."

నలుగురు వచ్చారు. మొక్కల కోసం నర్సరీలో ఇచ్చిన మాట తప్పలేక మా ఆయన వాటిని దూరం దూరంగా నాటి, మధ్యలో వేరుశనగ విత్తాడు. చెట్ల నీడ కమ్మేదాకా, ఆరేడేళ్లు, రెండూ ఉంటాయి. అంతమాత్రం దక్కినందుకే దండం పెట్టుకున్నాను.

పటంలో మీ చేనుకు ఏ రంగు వెయ్యాలమ్మా అని ఆ అమ్మాయి ఫోన్ చేసింది. రెండూ వెయ్యమన్నాను.

తొలి కాయలు స్వామి ముందు పెట్టి, ఒలిచిన నాలుగిళ్లకూ దోసెడేసి ఇచ్చి వచ్చాను.