వెన్నులో సూది

నడుమునొప్పికి మాత్రలు పనిచేయలేదు. వెన్నులోకి సూది వేయాలని కర్నూలులో నొప్పుల డాక్టరు చెప్పాడు. సూది వేసే రోజు ఆదోని నుంచి కర్నూలు బస్సులో ఒక్కణ్ణే కూర్చున్నాను. కాళ్లు పడిపోతాయేమోనని మాటిమాటికీ తొడలు నొక్కి చూసుకుంటున్నాను.

ఎమ్మిగనూరులో ఎక్కిన ఒక పెద్దామె పక్కన కూర్చుని, అది చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

"ఆ సూది నేనూ ఏయించుకున్యానప్పా."

"భయం కాలేదా?"

"పానం పోయినంత భయమైంది. నొప్పంతా పోలేదు గానీ, మల్లా మగ్గంలో కూసుంటాండా. ఏడుపొస్తే ఏడువు. కదలొద్దు, అంతే."

గోనెగండ్లలో దిగిపోయింది. పేరైనా అడగలేదు.

క్లినిక్‌లో బల్ల మీద బోర్లా పడుకుని, నర్సు చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చాను. సూది దిగేటప్పుడు మాత్రం కదల్లేదు. నొప్పి ఇప్పటికీ కొంత ఉంది. అయినా వంగి నా చెప్పులు నేనే తొడుక్కుంటున్నాను.